యక్కా మౌంటెన్ ఆగింది రాయి వల్లా, రాజకీయం వల్లా?

కళింగతీరం (ప్రశ్న)

కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం గురించి ఎక్కడ చర్చ జరిగినా రెండే మాటలు వినబడుతున్నాయి. "వాడేసిన అణు ఇంధనాన్ని ఎక్కడ పెట్టాలో అమెరికాకే దిక్కు తోచలేదు, ఇక మనమెంత" అని ఒకరు. "ఆ ఇంధనాన్ని పూడ్చడానికి యక్కా మౌంటెన్ భేషైన చోటు, నెవాడా సెనేటర్ హ్యారీ రీడ్ ఒక్కడు ఓట్ల కోసం ఆపేశాడు" అని ఇంకొకరు.

తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. నెవాడాలో ఆ కొండకి సాంకేతికంగా నిజంగా లోపముందా? ఇప్పుడు ఆ ఇంధనమంతా ఎక్కడుంది, అలాగే ఉంచేస్తే ఏమవుతుంది? ఫిన్లాండ్‌కి ఎలా కుదిరింది? మనవాళ్లు రీప్రాసెసింగ్ (వాడేసిన ఇంధనంలోంచి మళ్లీ పనికొచ్చేది వేరుచేయడం) చేస్తాం కాబట్టి ఈ గొడవే ఉండదంటారు, అదెంతవరకు నిజం? నినాదాలు వద్దు, రెండు వైపులవీ చాలా విన్నాను.

గ్రానైట్ గుట్ట

రీడ్ దగ్గర మొదలుపెడితే కథ సగంలో అందుకున్నట్టే. 1987 దగ్గర మొదలుపెట్టాలి.

1982లో అమెరికా కాంగ్రెస్ చేసిన అణు వ్యర్థాల చట్టం కాగితం మీద బాగానే ఉంది. పశ్చిమాన ఒక భూగర్భ నిల్వ, తూర్పున ఇంకొకటి. చాలా చోట్లు వెతికి, మూడింటిని లోతుగా పరీక్షించి, ఒకటి ఎంచుకోవాలి. ఖర్చుకి అణు విద్యుత్తు మీద యూనిట్‌కి సెంటులో పదోవంతు వసూలు. 1998 జనవరి 31 నుంచి ప్రభుత్వమే కంపెనీల దగ్గర ఇంధనం తీసుకోవడం మొదలుపెట్టాలి.

1986లో ఇంధన శాఖ మూడు చోట్లు ప్రకటించింది: నెవాడాలో యక్కా మౌంటెన్, టెక్సాస్‌లో డెఫ్ స్మిత్ కౌంటీ, వాషింగ్టన్ రాష్ట్రంలో హాన్‌ఫర్డ్. అదే రోజు తూర్పు రాష్ట్రాల్లో వెతుకులాట ఆపేసింది. ఎన్నికల ఏడాది కదా. ఇంకో విషయం: ఆ శాఖ సొంతంగా అయిదు చోట్లకి మార్కులు వేసుకుంటే యక్కాకి మొదటి స్థానం, కొలంబియా నది పక్కనున్న హాన్‌ఫర్డ్‌కి ఆఖరి స్థానం వచ్చాయి. అయినా హాన్‌ఫర్డ్ మొదటి మూడింట్లో కూర్చుంది. మార్కులు ఎంత లెక్కలోకి వచ్చాయో అక్కడే తెలిసిపోయింది.

1987 డిసెంబరులో బడ్జెట్ బిల్లులో ఒక సవరణ దూర్చారు: ఇక యక్కా ఒక్కదాన్నే పరీక్షించాలి, మిగతావి బంద్. అప్పుడు ప్రతినిధుల సభ స్పీకర్ జిమ్ రైట్‌ది టెక్సాస్, మెజారిటీ నాయకుడు టామ్ ఫోలీది వాషింగ్టన్. నెవాడాకి ఆ సభలో ఇద్దరే సభ్యులు. ఒక్కో చోటు పరిశోధనకి వంద కోట్ల డాలర్లు దాటుతుందన్న ఖర్చు భయం కూడా నిజమే, కాదనను. కానీ ఒక్క రియాక్టరూ లేని రాష్ట్రం నెత్తిన దేశం చెత్తంతా వేశారన్న కోపం నెవాడాలో రెండు పార్టీల్లోనూ పాతుకుపోయింది.

2002లో రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్ ఆ చోటును ఖాయం చేస్తే, అదే పార్టీకి చెందిన నెవాడా గవర్నర్ కెన్నీ గిన్ వీటో చేశాడు. చట్టంలోనే ఆ వీటోకి మందు ఉంది: ఉభయ సభల్లో మామూలు మెజారిటీ చాలు. ప్రతినిధుల సభ 306-117తో, సెనేట్ 60-39తో కొట్టేశాయి. తర్వాత 2007లో రీడ్ సెనేట్ మెజారిటీ నాయకుడయ్యాడు. 2008 జూన్‌లో లైసెన్సు దరఖాస్తు వెళ్లింది, 2010లో ఒబామా ప్రభుత్వం వెనక్కి తీసుకోబోయింది, 2011కల్లా నిధులు ఆగిపోయాయి. 1987లో పలుకుబడి లేని రాష్ట్రానికి ఇరవై ఏళ్లకి పలుకుబడి వచ్చింది, అంతే.

సూటిమాట

పై పోస్టులో చరిత్ర సరే, సారాంశం మాత్రం "అంతా రాజకీయం" అనే కదా. నేనూ అదే అంటాను. 2013లో కోర్టు మొట్టికాయ వేశాక అమెరికా అణు నియంత్రణ కమిషన్ సిబ్బంది పరిశీలన పూర్తిచేసి 2015 జనవరిలో నివేదిక ముగించారు. మూసివేత తర్వాతి భద్రత షరతులకి ఆ డిజైన్ సరిపోతుందనే తేల్చారు. మిగిలినవి భూమి హక్కులు, నీటి హక్కులు. వ్యర్థాల పరిమాణం కూడా పెద్దదేం కాదు. అమెరికాలో పోగైన ఇంధనం దాదాపు 90,000 టన్నులు. ఒక ఫుట్‌బాల్ మైదానంలో పది గజాల ఎత్తు లోపే పట్టేస్తుందని అక్కడి ఇంధన శాఖే చెబుతుంది.

నీటిజాడ

సూటిమాట గారూ, ఫుట్‌బాల్ మైదానం లెక్క వినడానికి బాగుంటుంది గానీ ఇక్కడ పనికిరాదు. భూగర్భంలో చోటు తేల్చేది పరిమాణం కాదు, వేడి. సీసియం-137, స్ట్రాన్షియం-90 రెండింటి అర్ధాయువూ ముప్ఫై ఏళ్లకు అటూఇటూ. మొదటి వందేళ్ల వేడిలో ఎక్కువ వాటిదే. పెట్టెలు దగ్గరగా పేరిస్తే రాయి ఉడికిపోతుంది. అందుకే కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు కావాలి.

ఇక కొండ సంగతి. అది గట్టిపడ్డ అగ్నిపర్వత బూడిద, టఫ్ అంటారు. నిల్వ ఉపరితలానికి దాదాపు 300 మీటర్ల కింద, జలమట్టానికి దాదాపు 300 మీటర్ల పైన. ఎడారి, వాన తక్కువ, నీళ్లకు పైన పొడి రాయి. మొదట ఇదే దాని గొప్ప అనుకున్నారు. తేడా వచ్చింది ఇక్కడే: జలమట్టానికి పైన ఉన్న రాతి పగుళ్లలో గాలి ఉంటుంది, అంటే ఆక్సిజన్ ఉంటుంది. ఇంధనం యురేనియం డయాక్సైడ్. ఆక్సిజన్ లేని నీళ్లలో అది దాదాపు కరగదు. ఆక్సిజన్ తగిలితే పై మెట్టు ఆక్సైడ్‌గా మారి పొడిపొడిగా రాలుతుంది, నీటితో పోతుంది. నెప్ట్యూనియం, టెక్నీషియం కూడా అక్కడ నీళ్లతో నడవడం నేర్చుకుంటాయి. ఫిన్లాండ్, స్వీడన్ నిల్వలు ఆక్సిజన్ లేని లోతు గ్రానైట్ నీళ్లలో ఉంటాయి. పొడి కొండ కన్నా తడి గ్రానైటే నయం అంటే వినేవాళ్లకి విడ్డూరంగా ఉంటుంది, కానీ రసాయనం అదే చెబుతుంది.

రెండోది నీటి వేగం. పైనుంచి ఇంకే నీరు ఏడాదికి మిల్లీమీటరు లోపే అని మొదట్లో లెక్క. 1990లలో ఆ అంకె అనేక రెట్లు పెరిగింది. 1996లో లాస్ అలమోస్ శాస్త్రవేత్తలకి సొరంగం లోతులో క్లోరిన్-36 అనే రేడియోధార్మిక క్లోరిన్ ఎక్కువగా దొరికింది. అది 1950లలో పసిఫిక్‌లో పేల్చిన బాంబుల తాలూకుది. అంటే యాభై ఏళ్ల లోపే కొన్ని పగుళ్ల వెంట నీరు 300 మీటర్లు దిగిపోయింది. తర్వాత ఇంకో బృందం చేసిన పరీక్షల్లో అదే ఫలితం రాలేదు, అది కూడా చెప్పాలి. కానీ ఇంధన శాఖ సొంత నిబంధనల్లో అప్పటికి ఒక అనర్హత షరతు ఉండేది: భూగర్భజలం బయటికి చేరడానికి వెయ్యేళ్లకన్నా తక్కువ పడితే ఆ చోటు పనికిరాదు. 2001లో ఆ నిబంధనల్నే మార్చేసి, రాయీ పెట్టే కలిపి మొత్తం వ్యవస్థ నుంచి మనుషులకి తగిలే రేడియేషన్ మోతాదు హద్దు దాటకుంటే చాలన్నారు. చోటుకి తగ్గట్టు కొలబద్ద మార్చడమంటే ఇదే. నా దృష్టిలో రాజకీయమూ రాయీ కలిసిపోయింది ఈ ఒక్క మార్పులో.

అక్కణ్ణుంచి భారమంతా లోహం మీద పడింది. పెట్టెకి బయట అల్లాయ్-22 అనే నికెల్-క్రోమియం-మాలిబ్డినం మిశ్రమ లోహపు పొర, లోపల స్టెయిన్‌లెస్ స్టీలు పొర. పైన నీటి చుక్కలు పడకుండా టైటేనియం గొడుగులు, డ్రిప్ షీల్డ్‌లు అంటారు, దాదాపు 11,000. ఇవి మొదట్లో పెట్టరు. పెట్టెలన్నీ చేర్చి, దశాబ్దాలపాటు గాలి ఆడించి, మూసే ముందు రిమోట్ యంత్రాలతో అమర్చాలి. అంటే ఎప్పుడో వందేళ్లకి. అప్పటి కాంగ్రెస్ ఆ టైటేనియానికి డబ్బివ్వాలి, రాళ్లు రాలిన వేడి సొరంగంలో పట్టాలు పనిచేయాలి. గొడుగులు లేకపోతే భద్రత లెక్క మారిపోతుంది. నెవాడా వేసిన అభ్యంతరాల్లో గట్టిది ఇదే. వేడి సొరంగంలో దుమ్ములోని లవణాలు గాలి తేమను పీల్చి చిక్కటి ఉప్పునీరై అల్లాయ్-22 సందుల్లో తుప్పు పట్టించవచ్చని అమెరికా అణు వ్యర్థాల సాంకేతిక సమీక్షా బోర్డు 2003లోనే హెచ్చరించింది.

కోర్టు సంగతీ ఉంది. అమెరికా ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థ మొదట భద్రతా కాలం 10,000 ఏళ్లే అంది. మోతాదు శిఖరానికి చేరేది లక్షల ఏళ్ల తర్వాత. నెప్ట్యూనియం-237 అర్ధాయువే 21 లక్షల ఏళ్లు. జాతీయ సైన్స్ అకాడమీ సలహాకి ఇది విరుద్ధమని 2004లో కోర్టు కొట్టేసింది. 2008లో కొత్త హద్దు వచ్చింది: పదివేల ఏళ్లదాకా ఏడాదికి 15 మిల్లీరెమ్ (రేడియేషన్ మోతాదు కొలత), ఆ తర్వాత పది లక్షల ఏళ్లదాకా 100 మిల్లీరెమ్. కమిషన్ సిబ్బంది "సరిపోతుంది" అన్నది ఈ హద్దుకి, గొడుగులతో కలిపి. వాళ్లన్నది తప్పనను, ఏమన్నారో పూర్తిగా చెప్పాలి.

ఓవర్‌ప్యాక్

ఇప్పుడు ఎక్కడుంది అన్న ప్రశ్నకి: రియాక్టర్ల దగ్గరే. మొదట నీటి కొలనులో కనీసం కొన్నేళ్లు, తర్వాత డ్రై కాస్క్‌లో, అంటే నీళ్లు లేకుండా గాలితో చల్లబడే పెద్ద పెట్టెలో.

కాస్క్ నింపే పద్ధతి ఇది. కానిస్టర్ అనే స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాను రవాణా తొడుగులో పెట్టి కొలనులోకి దింపుతారు. ప్రెషరైజ్డ్ రియాక్టర్ ఇంధనమైతే 32 లేదా 37 ఇంధన కడ్డీల కట్టలు నీళ్లలోనే పేరుస్తారు. మూత పెట్టి పైకి తీసి, వెల్డ్ చేసి, నీళ్లు తోడేస్తారు. ఆపై వాక్యూమ్ పెట్టి ఆరబెట్టడం. పంపు ఆపి అరగంట వదిలినా లోపలి పీడనం 3 టార్ (పీడన కొలత) దాటకపోతే తడి పోయినట్టు. ఇక్కడ తొందరపడితే మిగిలిన నీరు కడ్డీల తొడుగుని పాడుచేస్తుంది. మరీ సాగదీస్తే చల్లబరిచేది లేక తొడుగు వేడెక్కుతుంది. 400 డిగ్రీలు దాటనివ్వకూడదు, ఎందుకంటే ఆ వేడిలో జిర్కోనియంలోని హైడ్రైడ్‌లు కరిగి, చల్లారాక అడ్డంగా పేరుకుని తొడుగు పెళుసుబారుతుంది. చివరికి హీలియం నింపి రంధ్రాలు వెల్డ్ చేస్తారు. హీలియం వేడిని బాగా మోస్తుంది, దేనితోనూ కలవదు. కానిస్టర్‌ను ఓవర్‌ప్యాక్ అనే కాంక్రీట్ బయటి తొడుగులో దింపితే కింది కంతల్లోంచి గాలి వచ్చి పైనుంచి పోతుంది. పంపు లేదు, కరెంటు అక్కర్లేదు.

పాడయ్యేదెక్కడంటే సముద్రతీరంలో. కానిస్టర్ చల్లబడేకొద్దీ దానిమీద పడ్డ ఉప్పు తేమ పీల్చుకుంటుంది, వెల్డ్ పక్కన ఒత్తిడిలో ఉన్న ఉక్కులో సన్న పగుళ్లు రావచ్చు. వాడుకలో ఉన్నవాటిలో ఇలా చిల్లుపడినది ఇంతవరకు లేదు. కానీ ఆ ఇరుకు సందులో రోబోతో చూడటమే గగనం, బాగుచేయడం ఇంకా కష్టం. నింపేటప్పటి తప్పులు వేరు. 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాన్ ఒనోఫ్రేలో కానిస్టర్‌ను గుంతలోకి దింపుతుంటే లోపలి ఉంగరం అంచున ఆగిపోయింది. దిగిపోయిందనుకుని తాళ్లు వదులు చేశారు. దాదాపు అయిదున్నర మీటర్లు పడే ప్రమాదంలో కాసేపు అలాగే నిలిచింది. కమిషన్ 1,16,000 డాలర్ల జరిమానా వేసింది.

అందరూ మర్చిపోయే చిక్కు ఇంకొకటి. యక్కా దరఖాస్తులో ఒక్కో పెట్టెకి 21 కట్టలు. కంపెనీలు ఇన్నేళ్లుగా చవకని 32, 37 కట్టలవి నింపి వెల్డ్ చేసేశాయి. రేపు యక్కా తెరిచినా వాటిని కోసి మళ్లీ సర్దాలి, లేదా డిజైన్ మార్చాలి. నలభై ఏళ్లు వాయిదా వేసినందుకు పడ్డ వడ్డీ అది. అసలు వడ్డీ కూడా ఉంది: 1998 గడువు తప్పినందుకు కంపెనీలకి పన్ను డబ్బుల్లోంచి కట్టిన పరిహారం 1,000 కోట్ల డాలర్లు దాటింది. మెయిన్ రాష్ట్రంలోని మెయిన్ యాంకీ అణు కేంద్రంలో రియాక్టర్ ఎప్పుడో కూల్చేశారు, మిగిలింది 64 కాస్క్‌లూ వాటికి కాపలాదారులూ.

శాశ్వత చోటు దొరికేదాకా ఇంధనాన్ని ఒకచోట చేర్చి ఉంచే మధ్యంతర నిల్వా ఇలాగే ఇరుక్కుంది. టెక్సాస్‌లో ఆండ్రూస్‌కి 2021లో, న్యూ మెక్సికోలో లీ కౌంటీకి 2023లో లైసెన్సులిచ్చారు. రెండు రాష్ట్రాలూ అడ్డు చట్టాలు చేశాయి. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో టెక్సాస్ కేసు కొట్టేసింది, కానీ కారణం లైసెన్సు విచారణలో టెక్సాస్ పద్ధతి ప్రకారం కక్షిదారుగా చేరలేదని. రాష్ట్రానికి ఇష్టమా కాదా అన్నది అలాగే ఉంది. మధ్యంతరం అన్నది శాశ్వతమైపోతుందన్న భయానికి యక్కా చరిత్రే ఆధారం, పాపం వాళ్లనీ తప్పుపట్టలేం.

గ్రానైట్ గుట్ట

ఫిన్లాండ్ గురించి. 1983లోనే ప్రభుత్వం దశలవారీ గడువులు పెట్టింది, దాదాపు వాటినే పాటించింది. చివరికి నాలుగు చోట్లు మిగిలాయి: కుహ్మో, ఆనెకోస్కి, లోవీసా, ఎవురాయొకి. మునిసిపాలిటీ వద్దంటే వద్దే. పార్లమెంటు కూడా దాన్ని తోసేయలేదు. నెవాడా వీటోకీ దీనికీ తేడా అది. 2000 జనవరిలో ఎవురాయొకి కౌన్సిల్ 20-7తో సరేనంది, 2001లో పార్లమెంటు 159-3తో ఆమోదించింది. 2015లో నిర్మాణ లైసెన్సు.

లోతు 400 మీటర్ల పైచిలుకు. ఇనుప పోత లోపల ఇంధనం, దాని చుట్టూ 5 సెంటీమీటర్ల రాగి, రాగి చుట్టూ బెంటొనైట్ బంకమట్టి దిమ్మలు. బెంటొనైట్ నీరు తాగి ఉబ్బి దారులు మూసేస్తుంది; 100 డిగ్రీలు దాటితే ఆ గుణం దెబ్బతింటుంది కాబట్టి గుంతలు ఎడంగా తవ్వుతారు.

అయితే దీన్ని ఆదర్శ కథగా చెప్పేవాళ్లతో నాకు పేచీ. ఎవురాయొకిలో అప్పటికే రియాక్టర్లున్నాయి, జీతాలు, ఆస్తిపన్ను అక్కణ్ణుంచే. చెత్త చేసినవాళ్లే పూడ్చుకుంటున్నారు. దేశమంతటిదీ 6,500 టన్నులే. ఏ రియాక్టరూ లేని రాష్ట్రాన్ని ఒప్పించడమనే పరీక్ష వాళ్లకి రానేలేదు. రాగి మీద సందేహాలూ తీరిపోలేదు: స్వీడన్‌లో ఇదే పద్ధతి మీద తుప్పు ప్రశ్నలు తేలలేదని 2018లో పర్యావరణ కోర్టు అభ్యంతరం చెప్పింది, ప్రభుత్వం 2022లో అనుమతించింది.

ఇక ఒప్పుకున్న ఊరుంటే చాలు అనుకునేవాళ్లు న్యూ మెక్సికోలో కార్ల్స్‌బాడ్ చూడండి. బాంబుల తయారీ వ్యర్థాలకి 655 మీటర్ల లోతు ఉప్పు గనిలో 1999 నుంచి నిల్వ, ఊరు స్వాగతించింది. 2014 ఫిబ్రవరిలో ఒక డ్రమ్ము పగిలి మూడేళ్లు మూతపడింది. కారణం రాయి కాదు. లాస్ అలమోస్‌లో నైట్రేట్ లవణాల తడిని పీల్చడానికి మట్టి రకం పిల్లి లిట్టర్ వాడాల్సింది, గోధుమతో చేసిన రకం వాడారు. నైట్రేటూ సేంద్రియ పదార్థమూ కలిస్తే మందుగుండే. లోపల వేడెక్కి మూత లేచింది.

భారజలం

మన సంగతి. రీప్రాసెసింగ్ వల్ల గొడవ చిన్నదవుతుంది, పోదు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో భారజల రియాక్టర్ల ఇంధనాన్ని ఆమ్లంలో కరిగించి యురేనియం, ప్లుటోనియం వేరుచేస్తారు. మిగిలిన ద్రవంలోనే దాదాపు రేడియోధార్మికత అంతా ఉంటుంది. దాన్ని బోరోసిలికేట్ గాజులో కలిపి ఉక్కు డబ్బాల్లో పోసి గాలితో చల్లబడే గదుల్లో దాస్తారు. ఆ గాజు చివరికి భూగర్భానికే వెళ్లాలి. కోలార్ గనుల్లో 1980లలో రాతిని వేడిచేసి పరీక్షలు జరిగాయి. 2012లో కూడంకుళం కేసులో కోలార్ పేరు రాగానే అక్కడ ఆందోళనలు లేచాయి, అలాంటి ఆలోచన లేదని కేంద్రం చెప్పుకోవలసి వచ్చింది. మన యక్కా కథ అలా రెండు వారాల్లో ముగిసింది.

కొవ్వాడలో అనుకుంటున్నవి భారజలానివి కావు. మామూలు నీటితో నడిచే ఏపీ1000 అనే అమెరికా రియాక్టర్లు ఆరు, ఒక్కోటి 1,208 మెగావాట్లు. ఒక్కోదాని నుంచి ఏడాదికి 20 టన్నుల పైచిలుకు ఇంధనం దిగుతుంది. అమెరికా ఇంధనాన్ని మనం రీప్రాసెస్ చేయాలంటే 2010 ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ తనిఖీ కింద ప్రత్యేక ప్లాంటు కావాలి. అది నడిచేదాకా ఇంధనం కొవ్వాడ తీరంలోనే. ఓవర్‌ప్యాక్ గారు చెప్పిన ఉప్పుగాలి సమస్య మనకీ వర్తిస్తుంది.

అధికారం విషయానికొస్తే, అణుశక్తి కేంద్ర జాబితాలో 6వ అంశం. నెవాడాకున్నపాటి వీటో కూడా మన రాష్ట్రాలకి లేదు.

దీంతో తుమ్మలపల్లె యురేనియం గనిని కలిపేయకండి. అక్కడి టెయిలింగ్ పాండ్‌లో ఉన్నది వాడేసిన ఇంధనం కాదు, యురేనియం తీసేశాక మిగిలిన రాతిపిండి బురద. టన్ను రాయిలో అరకిలో యురేనియం కూడా ఉండదు కాబట్టి తవ్విందంతా పాండ్‌కే చేరుతుంది, రేడియం-226తో సహా. అక్కడి ప్రశ్న అడుగు పొర, బోర్లలో నీరు. దానికి వేరే థ్రెడ్ పెట్టండి.

కళింగతీరం

చాలా స్పష్టత వచ్చింది, అందరికీ ధన్యవాదాలు. కొవ్వాడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వ్యర్థాల మీద ఏం అడగాలి?

భారజలం

కూడంకుళంలో ఏం జరిగిందో చూసి అడగండి. రియాక్టర్‌కి విడిగా కట్టే నిల్వని అయిదేళ్లలో పూర్తి చేయాలని సుప్రీంకోర్టు 2013 మేలో చెప్పింది. గడువు 2022 ఏప్రిల్‌కి జరిగింది. ఆ నిల్వ మీద 2019 జులైలో పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ వాయిదా పడింది. రియాక్టర్ ముందు, నిల్వ సంగతి తర్వాత అంటే ఇలాగే అవుతుంది.

కాబట్టి మొదట అడగాల్సింది, పర్యావరణ నివేదికలో ఈ విడి నిల్వ ఉందా లేదా అని. లేదంటే నివేదిక అసంపూర్ణమని రాతపూర్వకంగా నమోదు చేయించండి, నోటిమాట మినిట్స్‌లో ఉండదు. కొలను ఎన్నేళ్లకి నిండుతుందో, ఆ లెక్కలో ఒక రియాక్టర్ గర్భంలోని ఇంధనం మొత్తం అత్యవసరంగా దించుకునేంత ఖాళీ వదిలారో లేదో అడగండి.

ఓవర్‌ప్యాక్

ఇంకో రెండు కలపండి. కానిస్టర్ ఉక్కు ఏ రకం, తీరంలో ఎన్నేళ్లకోసారి తనిఖీ చేస్తారు, పగులు కనిపిస్తే ఏం చేస్తారు. రియాక్టర్లు ఆగిపోయి కొలను కూడా తీసేశాక పాడైన కానిస్టర్‌ను ఎక్కడ విప్పుతారు. రెండోదానికి మెయిన్ యాంకీ దగ్గర కూడా ఆ ఊళ్లో జవాబు లేదు, వాళ్ల కొలను ఎప్పుడో తీసేశారు.